వేడి తాగే రేకు

మా పెద్దమ్మ నాగేశ్వరి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌కి చాలా ఏళ్ళు వార్డెన్‌గా చేసింది. జిల్లాల నుంచి కోచింగులకని వచ్చిన ఆడపిల్లలు పరీక్షల కంటే ముందు పెద్దమ్మకి భయపడటం నేర్చుకునేవాళ్ళు. చలికాలంలో మనిషికి ఒక్క బకెట్టు వేడినీళ్ళు. రెండో బకెట్టు కావాలంటే జ్వరమైనా రావాలి, పెళ్ళిచూపులైనా ఉండాలి. జ్వరమంటే నుదుటి మీద చెయ్యేసి చూసేది. పెళ్ళిచూపులంటే వాళ్ళమ్మకి ఫోన్ చేసేది. అలాంటి మనిషి దగ్గరుండి చదువుకోమని మా అమ్మ నన్ను మన్సూరాబాద్‌లో వాళ్ళింటికి పంపింది. అదేం ప్రేమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పెద్దమ్మకి దేవుడి మీద కంటే వాస్తు మీద గురి ఎక్కువ. దానికో కారణం ఉంది, అది మా ఇళ్ళలో పిల్లలకి కూడా తెలుసు. నేను పుట్టకముందు, వాళ్ళు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒంటిగది వాటాలో అద్దెకుండగా, పెద్దమ్మకి ఎనిమిదో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. పుష్యమాసం చలి. పిల్లకి ఏడ్చే ఓపిక కూడా లేదట. ఒక రాత్రి కరెంటు పోయింది. తెల్లారి చూస్తే పిల్ల చల్లబడిపోయి ఉంది. అప్పటికింకా పేరు పెట్టలేదు, పాప అనే పిలిచేవాళ్ళు. ఆ తర్వాత వాళ్ళకి పిల్లలు కలగలేదు. పలకరించడానికి వచ్చిన ఒక పెద్దమనిషి ఇల్లంతా కలయజూసి, ఈశాన్యం మూల మేడ మీద ట్యాంకు బరువుంది, ఇలాంటి ఇంట్లో సంతానం నిలవదు అని తేల్చి వెళ్ళాడు. ఆయనెవరో గానీ నాకు దొరికితే నాలుగు దులిపేదాన్ని. బిడ్డ పోయిన తల్లితో అనే మాటా అది?

మా పెదనాన్న భానుమూర్తికి ఇలాంటి నమ్మకాలేవీ లేవు. ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. "వేడిని ఒకచోట తీసి ఇంకోచోట పెట్టడంతోనే నా బతుకు గడిచిపోయిందే" అనేవాడు. రిటైరయ్యాక కుదురుగా కూర్చోలేక మేడ మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టించాడు. ఎండ ముదిరేకొద్దీ కరెంటు పెరగాల్సింది పోయి తగ్గుతోందని కనిపెట్టి బెంగపడ్డాడు. ప్యానెల్ మరీ వేడెక్కితే నీరసపడుతుందట. దాంతో ప్యానెళ్ళ వెనక రాగి గొట్టాలు అతికించి, వాటిలో నీళ్ళు పారించాడు. నీళ్ళు ఆ వేడిని లాగేస్తాయి, ప్యానెల్ చల్లబడి కరెంటు బాగా ఇస్తుంది, లాగిన వేడితో మనం స్నానం చేస్తాం. ఒకే ఎండ, ఒకే పలక, రెండు లాభాలు. ఆయన దాన్ని ప్యానెల్ అనేవాడు. పెద్దమ్మ రేకు అనేది.

గొడవ ట్యాంకు దగ్గర వచ్చింది. వేడినీళ్ళు తేలిక, వాటంతటవే పైకెక్కుతాయి, కాబట్టి ట్యాంకు ప్యానెల్ కంటే ఎత్తున ఉండాలి అని పెదనాన్న మేడ మీద ఇనుప స్టాండు కట్టించాడు. అది సరిగ్గా ఈశాన్యం మూల. పెద్దమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

"ఈశాన్యంలో నీళ్ళుండాలండీ, కాదనను. పల్లంలో ఉండాలి. ఎత్తున బరువు పెడితే నేనీ ఇంట్లో ఉండను."

"ఇప్పుడు మనకి సంతానమేంటే నాగేశ్వరీ, ఈ వయసులో?" అన్నాడు పెదనాన్న.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పెద్దమ్మ వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. మర్నాడే ట్యాంకు కిందికి దిగి, సంపు పక్కన, పక్కింటి ప్రహరీకి ఆనుకుని కూర్చుంది. నీళ్ళు పైకి ఎక్కించడానికి ఒక చిన్న పంపు పెట్టాడు, ఎండున్నంతసేపూ ఆ ప్యానెల్ కరెంటుతోనే తిరుగుతుంది. ఎండ పోతే ఆగిపోతుంది. రాత్రి నీళ్ళు వెనుదిరక్కుండా గొట్టంలో ఒక్కవైపే తెరుచుకునే వాల్వు బిగించాడు. దాని పక్కనే, ఎందుకైనా మంచిదని, చేత్తో తిప్పి మూసుకునే వాల్వు ఇంకొకటి.

ఇదంతా రెండువేల పదకొండు ఎండాకాలం మాట. ఆ సెప్టెంబర్‌లో ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బొగ్గు ఆగింది, బస్సులు ఆగాయి, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. నా బ్యాంకు కోచింగూ ఆగింది. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఆంధ్రాలో మా ఊళ్ళ నుంచి బంధువులు ఫోన్లు చేసి, "అక్కడుంటే ఏమవుతుందో, వచ్చెయ్యండి" అంటున్నారు. పెదనాన్న నవ్వి పెట్టేసేవాడు. ఆయనకి రోజూ ప్రహరీ మీద మోచేతులాన్చి పక్కింటి సిద్దిరాములుతో వాదించకపోతే అన్నం అరగదు.

సిద్దిరాములు ఆర్టీసీ డ్రైవరు. పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఊరు. సమ్మెలో ఉన్నాడు. "సార్, మా నీళ్ళు మాకు, మా కొలువులు మాకు కావాలె. గంతే" అనేవాడు. "నీళ్ళూ కొలువులూ నేనేమన్నా నా జేబులో పెట్టుకున్నానా సిద్దిరాములూ?" అనేవాడు పెదనాన్న. ఆ తర్వాత ఇద్దరూ కలిసి టీ తాగేవాళ్ళు.

ఆ రోజుల్లోనే పురిటికి పుట్టింటికొచ్చిన సిద్దిరాములు కూతురు సుమలతకి ఎనిమిదో నెలలో ఆడపిల్ల పుట్టింది. దవాఖానలో కొన్నాళ్ళుంచుకుని, ఇక ఫరవాలేదు గానీ ఒళ్ళు చల్లబడనీయకండి, ఎప్పుడూ వెచ్చగా ఉంచండి అని ఇంటికి పంపారు. ఇంట్లో చూస్తే కరెంటు లేదు. గ్యాసు బండ అడుగంటింది, కొత్తది ఎప్పుడొస్తుందో తెలియదు. మాదీ అదే పరిస్థితి. సిద్దిరాములు భార్య బాలలక్ష్మి ప్రహరీ అవతల నిలబడి ఏడ్చింది.

పెదనాన్న ఆ పూటే గోడ మీంచి వైరు లాగి, వెచ్చదనానికి ఉయ్యాల పైన బల్బు కట్టాడు. ట్యాంకు నుంచి గోడలో బెజ్జం చేసి వాళ్ళవైపు ఒక నల్లా పెట్టాడు. బ్యాటరీ చిన్నది కాబట్టి బల్బు అర్ధరాత్రి దాకా వస్తుంది. అక్కణ్ణించి తెల్లారేదాకా వేడినీళ్ళ సంచులు గుడ్డలో చుట్టి బిడ్డకి రెండువైపులా పెట్టాలి. అంటే ఆ పసిగుడ్డు ప్రాణం తెల్లవారుజామున మా ట్యాంకులో ఉండే వేడి మీద ఆధారపడింది. అందరికీ ఆ సంగతి తెలుసు. వీధంతా వచ్చి బిడ్డని చూసి వెళ్ళింది. పెద్దమ్మ ఒక్కతే వెళ్ళలేదు. నేను పిలిస్తే, "నాకు పనుంది" అంది. ఏ పనీ లేదు.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. దసరా వెళ్ళాక ఒక తెల్లవారుజామున బాలలక్ష్మి గోడ అవతల నుంచి పిలిచింది.

"అక్కా, నల్లా తిప్పితె సల్లటి నీళ్ళొస్తున్నయ్. మీరేమన్న ఖర్చు పెట్టిండ్రా?"

మేం ముట్టుకోలేదు. సాయంత్రం పెదనాన్న చెయ్యి పెట్టి చూసినప్పుడు నీళ్ళు కాలుతున్నాయి. ఇప్పుడు ట్యాంకు నిండుగానే ఉంది. చుట్టుపక్కల తడి లేదు, ఎక్కడా కారడం లేదు. నీళ్ళలో మాత్రం వేడి లేదు. నీళ్ళు పోతే దొంగ అనుకోవచ్చు. నీళ్ళు వదిలేసి వేడి ఒక్కటే ఎత్తుకుపోయే దొంగ ఎవడుంటాడు?

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మిగిలిన కాస్త గ్యాసు మీదే బాలలక్ష్మి నీళ్ళు కాచుకుంటోంది. బిడ్డని చూసుకోవడానికి నాదర్‌గుల్ నుంచి ఈరమ్మ అనే ముసలావిడ వచ్చి ఉంటోంది, ఆ చుట్టుపక్కల చాలామంది పసిపిల్లలకి నీళ్ళు పోసిన మనిషి. ఆవిడ ఒక పొద్దున మా ట్యాంకు నీళ్ళు చెంబులో పట్టి, వేళ్ళు ముంచి, అలాగే నిలబడిపోయింది.

"నీళ్ళు నీళ్ళ లెక్కనే ఉన్నయ్ బిడ్డా," అంది నాతో మెల్లగా. "అండ్లున్న ఏడిని ఎవరో తాగి పోతుండ్రు. సలికి సచ్చిన పానం ఉంటది సూడు, అది ఏడి యాడుంటె ఆడికొస్తది."

"అలాంటివేం ఉండవు ఈరమ్మా" అన్నాను. వెనక్కి తిరిగితే పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. ముఖంలో భయం లేదు. ఏదో మంచి కబురు విన్నట్టు ఉంది, దాంతో నాకు భయమేసింది.

వీధి ఊరుకుంటుందా? సిద్దిరాములు తమ్ముడు ఉపేందర్ ఉద్యమంలో తిరిగే కుర్రాడు, నోరు మంచిది కాదు. టీ కొట్టు దగ్గర అందరూ వినేలా అన్నాడు. "ఆంధ్రోల్ల సోలార్ గిట్లనే ఉంటది. పగలు ఇస్తరు, రాత్రి వాపస్ గుంజుకుంటరు." అందరూ నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ అక్షరాలా జరుగుతున్నది అదే.

ఆ సాయంత్రం చినుకులు పడుతున్నాయని ఆరేసిన బట్టల కోసం మేడెక్కాను. పొద్దు కుంకి చాలాసేపయింది. కరెంటు లేదు. నాగోలు వైపు నుంచి ఎల్బీనగర్ దాకా ఇళ్ళన్నీ ఉన్నచోటే ఉన్నాయి గానీ ఒక్క దీపం లేదు. బట్టలు తీస్తూ ఆసరాకి ప్యానెల్ మీద చెయ్యి వేశాను.

వెచ్చగా ఉంది.

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. పక్కన పిట్టగోడ ముట్టుకుంటే రాయిలా చల్లగా ఉంది. మళ్ళీ ప్యానెల్ ముట్టుకున్నాను. ఎండ వెచ్చదనం కాదది, జ్వరమొచ్చిన పిల్ల వీపులా ఉంది. మేడంతా తడిసింది, ఆ అద్దం మీద మాత్రం చినుకు పడగానే సన్నటి ఆవిరి లేచి పోతోంది. పంపు ఎప్పుడో ఆగిపోయింది. అయినా గొట్టంలో ఏదో చప్పుడు. ఆగి ఆగి, గుటక వేస్తున్నట్టు.

"భయపడకే అలేఖ్యా" అంది పెద్దమ్మ.

నేను కెవ్వుమన్నాను. ఆవిడ ప్యానెల్ అవతల, కింద చాప వేసుకుని, అద్దానికి చెంప ఆనించి కూర్చుని ఉంది. ఎంతసేపట్నుంచో. చీర తడిసిపోయి ఉంది.

"రోజూ వస్తోందే. దీపాలవేళ దాటాక వస్తుంది, తాగుతుంది. వినబడుతోందా?"

ఎవరు అని నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు. మెట్లు ఎలా దిగానో తెలియదు. కిందికొచ్చి చాలాసేపు చేతులు చన్నీళ్ళతో కడుక్కున్నాను. పెదనాన్నతో చెబుదామనుకున్నాను, గానీ పెద్దమ్మ ముఖంలో ఆ వెలుగు నేనెప్పుడూ చూడలేదు. పొద్దున చెబుదాంలే అనుకున్నాను.

పొద్దున్నే పక్కింట్లో గోల. గ్యాసు అయిపోయింది. నల్లాలో చన్నీళ్ళు. బిడ్డ ఒళ్ళు చల్లబడి, పెదాలు నల్లబడ్డాయి. సుమలత బిడ్డని రవికలోకి తోసి గుండెకి హత్తుకుని ఊగిపోతోంది. సిద్దిరాములు పాత మంచం కోడు విరగ్గొట్టి వాకిట్లో మంట పెట్టాడు. పెదనాన్న అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని గిన్నెలో నీళ్ళు కాచాడు. పొగకి ఆయన కళ్ళు కారుతున్నాయో, ఏడుస్తున్నాడో తెలియలేదు. చాలాసేపటికి బిడ్డ కాళ్ళు కదిలాయి.

"ఇయ్యాల బతికింది. రేపు సంగతి రేపే" అంది ఈరమ్మ.

ఇక దాచడం నా వల్ల కాలేదు. ప్యానెల్ రాత్రిపూట వెచ్చగా ఉంటోందని గోడ దగ్గరే చెప్పేశాను. సిద్దిరాములు తల గోక్కుని, "రాత్రిపూట గరమా? అంటే ఏడి పైకి పోయి మొగులుకు కొడుతున్నదన్నట్టు సార్. బస్సు రేడియేటర్ లెక్క" అన్నాడు.

"వాల్వు!" అన్నాడు పెదనాన్న. పైకి పరిగెత్తి, ఒక్కవైపే తెరుచుకోవాల్సిన ఆ వాల్వు విప్పి చూస్తే, దాని నాలుక కింద చిన్న రాతి పలుకు ఇరుక్కుని ఉంది. నల్లానీళ్ళు రాక బోరునీళ్ళు నింపినప్పుడు కొట్టుకొచ్చిందది. పలుకు తీశాడు గానీ అప్పటికే నాలుక చిట్లిపోయింది, మూసుకోదు. ట్యాంకు ప్యానెల్ కంటే కింద ఉంది. రాత్రయితే వేడినీళ్ళు తేలికై వాటంతటవే పైకెక్కి, ఆ అద్దం మీదుగా వేడినంతా ఆకాశానికి ధారపోసి, చల్లబడి దిగుతున్నాయి. ట్యాంకు పైనే ఉండి ఉంటే ఇది జరిగేదే కాదు. ఆ మాట మాత్రం పెదనాన్న పైకి అనలేదు. బిడ్డలు నిలవాలని దించిన ట్యాంకు అది.

బంద్ వల్ల కొట్లన్నీ మూసే ఉన్నాయి, కొత్త వాల్వు దొరకదు. దొరికేదాకా చేత్తో తిప్పే వాల్వుని రోజూ సాయంత్రం మూసి పొద్దున తెరిస్తే చాలు. అంతే పని. ఆ సాయంత్రం పొద్దు కుంకగానే పెదనాన్న మేడెక్కాడు. వెనకే నేనూ వెళ్ళాను. పెద్దమ్మ వాల్వుకి అడ్డంగా నిలబడి ఉంది.

"ముయ్యొద్దండీ."

పెదనాన్న రాతి పలుకు సంగతి, నాలుక చిట్లిన సంగతి, వేడినీళ్ళు తేలికన్న సంగతి మెల్లగా చెప్పాడు. పెద్దమ్మ అంతా విన్నది.

"మీరు చెప్పేది నిజమే అయ్యుంటుంది. కాదనడం లేదు. అయినా ముయ్యొద్దు. ఇన్నేళ్ళకి వచ్చిందండీ. ఆరోజు మన దగ్గర కాసిన్ని వేడినీళ్ళు లేకపోయాయి. ఇప్పుడున్నాయి. తాగనివ్వండి."

పెదనాన్న అక్కడే పిట్టగోడ మీద కూలబడ్డాడు. ఆయన కూడా ఆ పిల్ల తండ్రే కదా. వెలుతురు పోతోంది. గొట్టంలో ఆ గుటకల చప్పుడు మొదలైంది. ట్యాంకులో వేడి పైకెక్కుతోంది, కింద ఉయ్యాలలో బిడ్డ ఉంది, మేం ముగ్గురం బొమ్మల్లా చూస్తున్నాం.

అప్పుడు గోడ అవతల నుంచి బాలలక్ష్మి గొంతు వినబడింది.

"నాగేశ్వరక్కా! నువ్వు చెయ్యేసి ఒంట్ల ఏడి చెప్తవంట కద. జర ఒచ్చి సూడు. బిడ్డ మల్ల సల్లగైతున్నదా, నా పరేషానా, నాకు సమజైతలేదక్కా."

పెద్దమ్మ కదల్లేదు. బాలలక్ష్మి మళ్ళీ పిలిచింది, ఈసారి గొంతులో ఏడుపుంది. పెద్దమ్మ ప్యానెల్ వైపు ఒకసారి చూసి, మెట్లు దిగి వెళ్ళింది. నేను వెంట వెళ్ళాను. అప్పటిదాకా ఆవిడ గడప తొక్కని ఇల్లది. బల్బు కింద ఉయ్యాలలో బిడ్డ గుప్పెడంత ఉంది. పెద్దమ్మ అరచెయ్యి బిడ్డ కడుపు మీద పెట్టింది, తర్వాత పాదాల మీద పెట్టింది. బిడ్డ కళ్ళు తెరవకుండానే ఆవిడ చిటికెన వేలు పట్టుకుంది. పెద్దమ్మ గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. అది ఏడుపని నాకు కాసేపటికి గానీ తెలియలేదు.

"కాళ్ళు చల్లబడుతున్నాయి" అంది. "నీళ్ళు సంచుల్లో పట్టు బాలలక్ష్మీ. ఇప్పుడే. ఇంకా వేడి ఉంది."

వేలు మెల్లగా విడిపించుకుని తిన్నగా మేడెక్కింది. పెదనాన్న లేచి నిలబడ్డాడు. "మీరుండండి, నేనే మూస్తాను" అంది. రెండు చేతులతో వాల్వు తిప్పింది. చప్పుడు ఆగిపోయింది. అద్దం మీద అరచెయ్యి పెట్టి, అది పూర్తిగా చల్లబడేదాకా అలాగే నిలబడింది. మాకు ఒక యుగంలా గడిచింది. తర్వాత తన భుజాల మీది శాలువా తీసి ప్యానెల్ మీద కప్పి, అంచులు లోపలికి దోపింది. పసిపిల్లకి దోపినట్టే.

మర్నాడు తెల్లవారుజామున నల్లాలో నీళ్ళు కాలాయి. ఆ మర్నాడూ కాలాయి. సమ్మె ముగిశాక పక్కింటి బిడ్డకి బుగ్గలొచ్చాయి, గొంతొచ్చింది. ఉపేందర్ ఒకరోజు వచ్చి టీ కొట్టు మాటకి పెదనాన్నకి సారీ చెప్పాడు. కొత్త వాల్వు కూడా దొరికింది. పెదనాన్న దాన్ని బిగించలేదు. "చేత్తో మూస్తోందిగా, ఉండనీ" అన్నాడు. పెద్దమ్మ రోజూ సాయంత్రం వెళ్ళి మూసి, శాలువా కప్పి వచ్చేది. రోజూ ఎండ రాకముందే పెదనాన్న వెళ్ళి శాలువా తీసి, మడతపెట్టి, ఆవిడ మంచం మీద పెట్టేవాడు. దాని గురించి వాళ్ళిద్దరూ ఒక్క మాట కూడా అనుకోగా నేను వినలేదు.

కార్తీకమాసంలో ఒకరోజు పెదనాన్నకి నలతగా ఉండి నన్ను వెళ్ళమన్నాడు. మంచు దట్టంగా కురిసింది. శాలువా పైన తడిసి బరువెక్కింది. అంచు పట్టుకుని ఎత్తి, కింద చెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉంది. అంతటా కాదు. మధ్యలో ఒక్కచోట, జానెడంత మేర. వాల్వు వైపు చూశాను. మూసే ఉంది. గొట్టం పట్టుకుని చూశాను. మంచుగడ్డలా ఉంది.

శాలువా మడతపెట్టడానికి చేతులు రాలేదు. అలాగే ఒళ్ళో పెట్టుకుని దిగాను. పెద్దమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. శాలువా తీసుకుని చెంపకి ఆనించుకుంది. గోడ అవతల సుమలత కూతురు కాలనీ అంతా లేచేలా గుక్కపట్టి ఏడుస్తోంది.

"పాప లేచిందా?" అని అడిగింది పెద్దమ్మ.

"లేదు పెద్దమ్మా" అన్నాను. "నిద్రపోతోంది."